పొట్ట బెల్టుతో పద్నాలుగు నెలలు: ఆ పై అంచు ఒక్కటి నిలబడి ఉంటే

కూర్చుంటే చాలు, పై అంచు చుట్టుకుపోతుంది. ఈ బెల్టు గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. స్టాఫ్ రూములో కుర్చీలో కూర్చుని పది నిమిషాలు కాకముందే, పక్కటెముకల మీద ఉండాల్సిన అంచు మెల్లగా కిందికి దిగి, చాపలా చుట్టుకుని, వేలంత లావు తాడై వదులు చర్మం మధ్యలో కోసుకుంటుంది. నలుగురి మధ్య జాకెట్టు కింద చెయ్యి పెట్టి సరిచేసుకోలేం కదా. గంట కొట్టేదాకా ఓర్చుకోవాలి. పద్నాలుగు నెలలుగా నా కోపమంతా ఆ రెండంగుళాల అంచు మీదే.

నా సంగతి కొంచెం చెబితే గానీ ఈ కోపం అర్థం కాదు. నాకు 43 ఏళ్లు. తార్నాకలో ఉంటాం, స్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్లకు కాస్త తక్కువ కాలంలో 104 కిలోల నుంచి 61 కిలోలకు వచ్చాను. ఎలా తగ్గాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు కాబట్టి అది రాయను. తగ్గాక ఒంటి మీద మిగిలే చర్మం గురించి మాత్రం నాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు. బొడ్డు కింద జోలెలా వేలాడుతుంది. చేతులెత్తి బోర్డు మీద రాస్తుంటే జబ్బల కింద ఊగుతుంది. పేరంటానికి వెళ్తే, "ఏమైంది, షుగర్ వచ్చిందా?" అని అడుగుతారు. అంత కష్టపడి తగ్గినందుకు దొరికిన మొదటి పలకరింపు అది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

బెల్టు కొనడానికి అసలు కారణం అందం కాదు, నడక. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడవడం నా అలవాటు. బరువు తగ్గేకొద్దీ వేగం పెరగాలి, నాకు తగ్గింది. గబగబా అడుగు వేస్తే ఆ చర్మం తొడల మీద తప్‌తప్‌మని కొట్టుకునేది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపిస్తోందో, పక్కన నడిచేవాళ్లకూ వినిపిస్తోందో తెలియక చెట్ల కింద ఆగిపోయేదాన్ని. కోఠిలో సర్జికల్ సామాన్ల దుకాణానికి వెళ్లి, తొడల సగం దాకా వచ్చి పైన పక్కటెముకల దాకా లాక్కునే రకం రెండు కొన్నాను. ముందువైపు మూడు వరసల హుక్కులు, పక్కలకు ప్లాస్టిక్ పుల్లలు. ఒక్కోటి 1,450 రూపాయలు పడింది.

మర్నాడు పొద్దున అది వేసుకుని నడిచాను. చప్పుడు లేదు. ఊపు లేదు. నడుం కిందకు లాగుతున్నట్టుండే బరువు లేదు. ఎన్‌సీసీ గేటు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లి వచ్చాను. ఆ ఒక్క గంటకు గాను ఈ బెల్టుకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఇప్పటికీ నడకకు ఇది లేకుండా వెళ్లను. మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడూ అంతే, ఒళ్లంతా ఒకటిగా కదులుతుంది.

ఆ సంతోషంలో మొదటి నెలలోనే దీన్ని తెగ పొగిడాను. చర్మం బిగుస్తోందని మా వదినకు చెప్పాను, ఆమె కూడా ఒకటి కొనుక్కుంది. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. టేపు పెట్టి కొలుచుకుంటూనే ఉన్నాను: బెల్టు లేకుండా బొడ్డు దగ్గర 37 అంగుళాలు, వేసుకుంటే 34. పద్నాలుగు నెలల తర్వాత కూడా తీసేస్తే అదే 37. చర్మాన్ని సాగనిచ్చి మళ్లీ దగ్గరకు లాగేవి లోపలుండే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు. ఏళ్ల తరబడి సాగి తెగిపోయిన పోగుల్ని పైనుంచి అదిమిపెట్టి అతికించలేమని తర్వాత చర్మ డాక్టరుగారు చెప్పారు. నాది పదిహేనేళ్ల లావు, మధ్యలో రెండు కాన్పులు. చిన్న వయసులో, తక్కువ కాలం లావుగా ఉన్నవాళ్లకు కొంత దగ్గరపడుతుందట. వ్యాయామంతో కండ పెరిగి కొన్నిచోట్ల నిండుగా కనిపిస్తుంది, నా జబ్బలకు అది కొద్దిగా పనిచేసింది. పొట్టకు చేయలేదు. క్రీముల మీద నేను పెట్టిన డబ్బు గురించి అడగకండి, మనసు బాధపడుతుంది.

ఇక మే నెల సంగతి. నాగోల్‌లో మా చిన్నత్త కూతురి పెళ్లి. ఎండ నలభై దాటింది. పట్టుచీర కుచ్చిళ్లు సరిగా నిలవాలని పొద్దున ఎనిమిదింటికే బెల్టు వేసుకుని, దాని మీద లంగా బొందు బిగించి కట్టాను. పీటల దగ్గర కూర్చున్నాను, బంతిలో కూర్చున్నాను, అప్పగింతల దాకా కూర్చునే ఉన్నాను. పై అంచు చుట్టుకుంది. బొందు కింద మరో మడత పడింది. రెండింటి మధ్య చిక్కుకున్న చర్మం చెమటలో నానుతూనే ఉంది. మంట తెలుస్తోంది, కానీ గది నిండా చుట్టాలు, తలుపేసుకుని తీసేసే చోటు లేదు. సాయంత్రం ఆరు దాటాక మెట్రో ఎక్కి తార్నాకలో దిగి ఇంటికొచ్చి విప్పితే, నడుం చుట్టూ కందిపోయిన ఎర్రటి గీత. బొడ్డు కింద మడతలో చర్మం తెల్లగా నానిపోయి, కొన్నిచోట్ల పైపొర లేచిపోయి ఉంది. వాసన కూడా వచ్చింది. ఆ రాత్రి పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

అక్కడే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది. వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. చీటీ అడగలేదు, నేనూ చూపించలేదు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. ఎంత మంచి మందో అనుకున్నాను. మానేస్తే వారంలో మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాను. ఇలా అయిదు వారాలు. ఆ తర్వాత అది మడత దాటి తొడల మీదికి, అంచులు ఎర్రగా లేచిన గుండ్రటి మచ్చలుగా పాకింది. మడతలో ఊదారంగు చారలు కనిపించాయి. నేను లావుగా ఉన్నప్పుడు పడినవి కావు, కొత్తవి.

చర్మ డాక్టరుగారు ముందు ఆ ట్యూబు చేతిలోకి తీసుకుని వెనక అక్షరాలు నాకు చదివి వినిపించారు. మూడు మందులు కలిపిన మలాం అది: ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, మూడోది బాగా ఘాటైన స్టెరాయిడ్. ఎరుపూ దురదా అణగడం స్టెరాయిడ్ పని. అవి అణిగేసరికి తగ్గిందనుకుంటాం, లోపల ఫంగస్ ఇంకా తేలిగ్గా పెరుగుతుంది. పైగా మడతలో రాసిన మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది, దాని మీద బెల్టు బిగిస్తే ఇంకా ఎక్కువ. అసలే బలం పోయిన చర్మం మరింత పలచబడి చారలు పడ్డాయి. వాటి రంగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోవన్నారు. వదులు చర్మంతో ఉన్నవాళ్లందరికీ ఈ ఒక్క మాట చేరాలని ఈ సమీక్ష రాస్తున్నాను: మడతలో ఎర్రబడితే షాపులో అడిగి ఏదో ఒక మలాం తెచ్చుకోకండి. ట్యూబు వెనక క్లోబెటాసోల్, బెక్లోమెథాసోన్, బీటామెథాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్, చీటీ లేకుండా ఇవ్వకూడని మందు.

నాకు స్టెరాయిడ్ లేని మలాం, మాత్రలు ఇచ్చారు. బెల్టు నెల రోజులు మానమన్నారు. ఆ నెల నడక కూడా ఆగిపోయింది, రెండు కిలోలు పెరిగాను.

తప్పు బెల్టుదా, నాదా? సగం సగం అనుకుంటాను. పది గంటలు ఏకబిగిన వేసుకోవడం నాది. కానీ డబ్బా మీద నాజూకైన నడుం బొమ్మ వేసినవాళ్లు, ఎన్ని గంటలు వేసుకోవచ్చో, కింద ఏం వేసుకోవాలో ఒక్క ముక్క రాయలేదు. వదులు చర్మం ఉన్నవాళ్లు దీన్ని వేసుకుంటారన్న ఊహే ఆ అంచు కుట్టినవాళ్లకు ఉన్నట్టు లేదు. గట్టి పొట్ట మీద నిలిచే ఎలాస్టిక్ మెత్తటి చర్మం మీద నిలవదు. ఆనుకోవడానికి దానికి ఏమీ దొరకదు, జారి చుట్టుకుంటుంది.

దారి చూపించింది మా అమ్మ. ఆ నెల రోజుల్లో చూడటానికి వచ్చి, తన పాత నేతచీర ఒకటి నిలువునా చింపి జానెడు వెడల్పు పేలికలు చేసింది. "మడతల ఇది పెట్టు బిడ్డా, చెమటంతా గుంజుకుంటది" అంది. పాప పుట్టినప్పుడు ఇలాంటి చీరతోనే నాకు నడికట్టు కట్టింది. అది ఎప్పుడూ చుట్టుకుపోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎలాస్టిక్ లేదు, ఒక చుట్టు మీద సగం దాకా ఇంకో చుట్టు వస్తుంది, విడిగా అంచంటూ ఉండదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు అడిగితే, మడతలో శుభ్రమైన పలచటి నూలు గుడ్డ పెట్టుకోవడం మంచిదే, తడిసిన వెంటనే మార్చండి అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు బ్యాగులో రోజూ నాలుగు పేలికలు, ఒక జిప్ కవరు ఉంటాయి. ఇంటర్వెల్‌లో ఒకటి, లంచ్‌లో ఒకటి మారుస్తాను. స్నానం చేశాక మడతను రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద అయిదు నిమిషాలు ఆరనిస్తాను. మళ్లీ ఆ మంట రాలేదు.

అంచుకు మా వీధి టైలరమ్మ ఉపాయం చెప్పింది. వెనక రెండు, ముందు రెండు పట్టీలు కుట్టి, వాటి చివర హుక్కులు పెట్టి లోపలి బాడీకి తగిలించేలా చేసింది. అరవై రూపాయలు తీసుకుంది. చుట్టుకోవడం ముప్పావు వంతు తగ్గింది. బాడీ భుజాల దగ్గర కాస్త లాగుతుంది, అది భరించగలను. మిగతావి త్వరగా చెప్పేస్తాను: హుక్కులు ఒక్కటీ ఊడలేదు. ప్లాస్టిక్ పుల్లలు ఆరో నెలలో బయటికి పొడుచుకొచ్చాయి, లాగి పారేశాను, తేడా ఏమీ తెలియలేదు. పిండకుండా నీడన ఆరేసినా ఎనిమిదో నెలకల్లా ఎలాస్టిక్ సాగింది. ఇప్పుడు చివరి వరస హుక్కుల్లో ఉన్నాను.

ఆపరేషన్ గురించి కూడా కనుక్కున్నాను. రెండు రకాలట. ఒకటి వేలాడే చర్మాన్ని కోసి తీసేయడం. రెండోది దాంతోపాటు లోపలి కండరాలు బిగించి బొడ్డును కొత్త చోట అమర్చడం. గాటు ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా ఉంటుంది. ముందు కనీసం 6 నెలలు బరువు నిలకడగా ఉండాలి. ఇన్సూరెన్సులో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి Excl08 అనే కోడ్‌తో మినహాయింపు ఉంది, అంటే మామూలుగా ఆ ఖర్చు ఇవ్వరు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసే సర్జరీకి, లేదా ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పు తప్పించే చికిత్సలో భాగమైతేనే ఇస్తారు. నాది ఆ లెక్కలోకి వస్తుందో రాదో గానీ, మే నెల నుంచి ప్రతి చీటీ, ఫోటో తేదీలతో ఫైల్లో పెడుతున్నాను.

ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు ఇలాంటి బెల్టే వేసుకోవాలి. నాకు పెద్ద సెలవులు దొరికేది మే నెలలో, ఈ ఊళ్లో ఆ ఎండలో. పైగా ఈ ఏడాది పాపది ఇంటర్ రెండో సంవత్సరం. అందుకని ఇప్పటికి ఆపరేషన్ పక్కన పెట్టాను.

కాబట్టి ఇంకో బెల్టు కొనాలి. రోజంతా నిలబడి పనిచేసే నాలాంటివాళ్లకు, పొద్దున గంట నడిచేవాళ్లకు ఈ రకం కొనమనే చెబుతాను, నూలు పేలికలు పెట్టుకుంటేనే. ఆఫీసులో కుర్చీకి అతుక్కునే ఉద్యోగమైతే చెప్పలేను. వదిన బ్యాంకులో కూర్చునే పని చేస్తుంది, ఆమెది బీరువాలోనే ఉంది. ఈసారి నేను భుజాల మీద పట్టీలుండే రకం చూస్తున్నాను. దాన్లో చుట్టుకునే అంచు ఉండదు. కానీ బాత్రూముకు వెళ్లినప్పుడల్లా భుజాల నుంచి విప్పాలి, మా స్కూల్లో ఇంటర్వెల్ పది నిమిషాలే. దసరా సెలవుల్లో కోఠికి వెళ్లి, అక్కడి స్టూలు మీద పావుగంట కూర్చుని చూసి గానీ డబ్బులివ్వను.