పది లీటర్ల గ్రైండరు, నాలుగేళ్ల తర్వాత

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో, పిండి రుబ్బి అమ్మడానికి కొన్న ఈ గ్రైండరు దిగి నాలుగేళ్లు దాటింది. వంచి పిండి తీసే రకం. కంపెనీ పేరు రాయను, చెప్పబోయే తప్పుల్లో సగం నావే. పది లీటర్లని అమ్మారు గాని, మినప్పప్పు రెండు కిలోలు దాటితే పొంగి అంచు మీదికి వచ్చేస్తుంది.

రాళ్లకు మాత్రం వంక పెట్టలేను. మిక్సీలో పప్పు వేడెక్కి నీరుగారుతుంది, ఇందులో వెన్నలా పొంగుతుంది. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి, నా కొలత అదే. రెండో ఏడాదికి రాళ్లు నున్నబడ్డాయి. అరగంటలో నలిగే పప్పు ముప్పావుగంటైనా పలుకులుగానే ఉండేది. మోటారు చెడిందనుకుని మెకానిక్‌కు డబ్బు పోశాను. చివరికి రోళ్లకు గంట్లు పెట్టే ఆయన వచ్చి ఉలితో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోయింది. ఆ తర్వాత మొదటి రెండు వాయిలూ రాతిపొడి కలుస్తుందని పారబోయాలి, ఆ మాట ఎవరూ ముందు చెప్పరు.

సాయంత్రం వోల్టేజి పడిపోతే మోటారు మూలుగుతుంది. అలాగే నడిపి ఒక కెపాసిటర్ కాల్చుకున్నాను. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడతాను.

మన వాళ్లకు దోసెల పిండి, ఒడియా ఇళ్లకు వాళ్ల అట్టు చకుళి పిఠాకు పిండి. రెండూ బియ్యం, మినపప్పే. జూన్‌లో ఒడియా వాళ్ల రజ పండుగ వస్తే, ఆ పండక్కి కాల్చే పోడ పిఠా కోసం వసారా నిండా గిన్నెల వరుస.

కొన్నది మిషన్ శక్తి కింద నడిచే ఆడవాళ్ల పొదుపు సంఘం అప్పుతో. ఒడిశాలో ఆ పథకం 2001లో మొదలైంది. ఆంధ్ర వైపు పాతపట్నంలో మా అక్క వాళ్లు ఇలాంటి సంఘాన్ని డ్వాక్రా అంటారు. యంత్రం వచ్చిన నెలకే వాయిదా వచ్చి పడింది, అప్పటికి నా పిండి కొనేది ఐదిళ్ల వాళ్లే. చెవి దిద్దులు తాకట్టుకు వెళ్లాయి. మన దేశంలో హైదరాబాద్‌తో పాటు మరో ఐదు దేశాల్లో చిన్న రుణాలపై జరిగిన పరిశోధనలు 2015లో వెలువడ్డాయని, అప్పు దొరికినంత మాత్రాన సగటున ఇంటి ఆదాయం పెద్దగా పెరగలేదని తేలిందని మా అమ్మాయి డిగ్రీ పాఠం చదివి చెప్పింది. నా దిద్దులను అడిగినా అదే చెప్పేవి.

గిరాకీ పెరిగినా చాలాకాలం చేతిలో ఏమీ మిగల్లేదు. పిండి డబ్బు పాలవాడికీ, మందులకూ పోయేది, మళ్లీ పప్పు అరువు తెచ్చేదాన్ని. విడిగా ఒక సీసా పెట్టి పప్పు, బియ్యం, కరెంటు డబ్బు అందులో వేశాకే మిగిలింది ముట్టుకోవడం మొదలుపెట్టాను. దిద్దులు విడిపించింది ఆ సీసాయే. 2024లో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం కింద వచ్చిన మొదటి ఐదు వేలు కూడా ఇంట్లోకి పోనివ్వకుండా స్టెబిలైజరుకూ, కొత్త బెల్టుకూ పెట్టాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఐదు లీటర్లవి రెండు కొంటాను, ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. కడగడం మాత్రం ఏ రకమైనా కష్టమే. ఎంత వంచినా అడుగున గుప్పెడు పిండి ఉండిపోతుంది. ఆ పూట మా ఇంట్లో అట్లు దానితోనే.