నాలుగు వందలు కట్టి ముందు ఎక్కాను

పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి విజయవాడకు విమానం టికెట్లు తీస్తుంటే, డబ్బు కట్టే పేజీకి ఒక్క అడుగు ముందు చిన్న గడి ఒకటి ఎదురైంది. ప్రయారిటీ బోర్డింగ్. అందరికంటే ముందు విమానం ఎక్కవచ్చు, దిగాక మీ పెట్టె అందరికంటే ముందు బెల్టు మీదకు వస్తుంది, మనిషికి నాలుగు వందల చిల్లర. పండగ రోజుల్లో టికెట్టే మామూలు ధరకు మూడింతలు పలుకుతోంది, అందులో ఈ ఎనిమిది వందలు ఒక లెక్కా అనిపించింది. పైగా వెంట అమ్మ. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. టిక్కు పెట్టేశాను.

ప్రయాణం రోజున బోర్డింగ్ పాసు మీద గేటు నంబరు చూశాక అనుమానం మొదలైంది. అది కింది అంతస్తు గేటు. అంటే గేటు నుంచి నేరుగా విమానం తలుపు దాకా నడిపించే ఏరోబ్రిడ్జి ఉండదు, బస్సులో తీసుకెళ్లి విమానం మెట్ల దగ్గర దింపుతారు. అయినా మమ్మల్ని ముందే పిలిచారు. కాబట్టి గేటు నుంచి సందు పొడవునా నిలబడ్డ జనాన్ని దాటుకుంటూ, కాస్త దర్జాగానే నడిచాము. ఖాళీ బస్సు ఎక్కి అమ్మను ఒక మూల సీటులో కూర్చోబెట్టాను. తర్వాత పావుగంట సేపు ఆ బస్సు నిండుతూనే ఉంది. చివరగా ఎక్కిన కుర్రాళ్లు నలుగురు తలుపుకు ఆనుకుని నిలబడ్డారు. బస్సు విమానం దగ్గర ఆగింది, తలుపు తెరుచుకుంది, ఆ నలుగురూ ముందు దిగారు. వాళ్ల వెనక ఇంకో నలభై మంది. మూలన ఉన్న మేము అందరి వెనకా. తొమ్మిదో వరుసకు చేరేసరికి పైన సామాను పెట్టే అర పూర్తిగా నిండిపోయింది, నా సంచికి పద్నాలుగో వరుసలో చోటు దొరికింది. దిగేటప్పుడు దాని కోసం జనానికి ఎదురీదాల్సి వచ్చింది.

ఎనిమిది వందలు కట్టి ముందు ఎక్కింది బస్సు. విమానం కాదు.

అమ్మ సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఏరా, మన నంబరు మన చీటీ మీద ఉంది కదా, దాంట్లో ఇంకెవరు కూర్చుంటారని తొందర?" అంది. సమాధానం ఉంది కానీ అప్పుడు చెప్పే స్థితిలో లేను. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి జేబురుమాలు వేసి సీటు పట్టుకున్న తరం మాది. విమానంలో సీటు ఎక్కడికీ పోదు. పోయేది తల మీద అర. ఇప్పుడు రుమాలు వేయాల్సింది దానికి. కంపెనీలు అమ్ముతున్నది కూడా ఆ రుమాలునే, గడిలో మాత్రం 'ముందు ఎక్కవచ్చు' అని రాస్తారు.

అక్కడి నుంచి ఏడాదిలో నాలుగైదు ప్రయాణాల్లో ఈ విషయాన్ని కాస్త పట్టుదలగా గమనించాను. భార్య దీనిని పిచ్చి అంటుంది.

మొదట ఏటీఆర్ సంగతి. బెంగళూరు నుంచి రాజమండ్రి వంటి ఊళ్లకు తిరిగే రెక్కల పంకాల చిన్న విమానం. డెబ్భై పైచిలుకు సీట్లు. ప్రయాణికుల తలుపు దీనికి తోక దగ్గర ఉంటుంది, ముందు భాగంలో సామాను గది. మొదటి వరుసవాడు విమానమంతా నడిచి వెళ్లి కూర్చోవాలి, దిగేటప్పుడు చివర మిగలాలి. ఆఖరి వరుసవాడు ఇలా ఎక్కి అలా కూర్చుంటాడు, ఇలా లేచి అలా దిగిపోతాడు. ముందు వరుసకు అదనంగా డబ్బు కట్టిన ఒక పెద్దమనిషి మొన్న రాజమండ్రిలో అందరూ దిగేదాకా నిలబడి, నన్ను చూసి నవ్వలేక నవ్వాడు. పైన అరలు కూడా ఇరుకు, చక్రాల పెట్టె పట్టదు, దాన్ని ఎలాగూ మెట్ల దగ్గరే తీసుకుని కింద పెడతారు. ఏటీఆర్‌లో ముందు ఎక్కడానికి డబ్బు కట్టడమంత దండగ ఇంకొకటి లేదు.

విశాఖకు ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు మాత్రం అన్నీ కలిసొచ్చాయి. పెద్ద విమానం, ఏరోబ్రిడ్జి, టికెట్టుతో పాటే ప్రయారిటీ కూడా ఆఫీసువాళ్లే కట్టారు. నిజంగానే అందరికంటే ముందు లోపలికి వెళ్లాను. నా దగ్గరున్నది ఒక ల్యాప్‌టాప్ సంచి, ముందు సీటు కిందకు తోసేశాను. నడవ పక్క సీటు. అరగంట సేపు ప్రతి వచ్చేవాడి సంచీ నా భుజానికి తగులుతూనే ఉంది. మధ్య సీటాయన వచ్చాడు, లేచాను. కూర్చున్నాక కిటికీ సీటమ్మాయి వచ్చింది, ఇద్దరం లేచాము. నడవ పక్క సీటువాడు డబ్బు కట్టి ముందు ఎక్కితే దక్కేది ఈ గుంజీలే.

దీని మీద లెక్కలు వేసిన ఒక ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఉన్నాడు, జేసన్ స్టెఫెన్. 2008లో అచ్చయిన పరిశోధన పత్రంలో ఆయన చెప్పింది మన అనుభవానికి సరిపోతుంది. ఆలస్యానికి అసలు కారణం సంచిని పైకి ఎత్తి పెట్టేవాడు, వాడి వెనక కదలకుండా నిలబడ్డ జనం. వెనక వరుసల నుంచి ముందుకు వరుసగా ఎక్కిస్తే బాగుంటుందని మనకు తోస్తుంది, కానీ అలా చేస్తే అందరూ ఒకే చోట గుమికూడతారు. ఆయన పద్ధతిలో ముందు కిటికీ సీట్లవాళ్లు, అదీ ఒక వరుస విడిచి ఒక వరుస, తర్వాత మధ్యవాళ్లు, చివర నడవ పక్కవాళ్లు. తర్వాత 72 మందితో, నమూనా విమానంలో, నిజంగానే ఎక్కించి చూసి, మామూలు పద్ధతులకంటే చాలా త్వరగా అవుతుందని తేల్చారు. కిటికీ, మధ్య, నడవ అనే ఆ మోటు వరుసను అమెరికాలో యునైటెడ్ సంస్థ 2023 అక్టోబరు నుంచి మళ్లీ పాటిస్తోంది. అందరూ స్టెఫెన్ చెప్పినట్టే ఎక్కితే విమానం త్వరగా కదులుతుంది, సంస్థకూ డబ్బు మిగులుతుంది. కానీ అలా చేస్తే వరుసలో ముందు చోటు అమ్ముకోవడం కుదరదు కదా. వరుస ఎంత చిరాకు పుట్టిస్తే ఆ గడికి అంత గిరాకీ.

ఇంత తిట్టాక, కట్టకపోయినందుకు ఏడ్చిన రోజు గురించీ చెప్పాలి.

అది అదే సంక్రాంతి తిరుగు ప్రయాణం. వెళ్లేటప్పటి అనుభవం మీద కసితో గడి వైపు చూడలేదు. విజయవాడ దాకా వెళ్లి కొండపల్లి వెళ్లకుండా ఎలా వస్తాము, అంబారీ ఏనుగు ఒకటి కొన్నాము. తెల్లపొణికి కర్ర, చేత్తో ఎత్తితే బరువే తెలియదు. ఏనుగు మీద రాజు, రాజు వెనక గొడుగు పట్టుకున్న సేవకుడు. ఆ బొమ్మల్లో చేతులూ గొడుగులూ విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. పాత చీరలో చుట్టి, చక్రాల పెట్టెలో పెట్టి, చేతి సామానుగా తెచ్చుకున్నాను. ఆవకాయ సీసాను చేతి సంచిలో రానివ్వరు కాబట్టి అది ముందే కౌంటరు దగ్గర పెద్ద పెట్టెలో వెళ్లిపోయింది.

పండగ వెళ్లిన మర్నాడు, ఒక్క సీటు ఖాళీ లేదు. పెద్ద విమానంలో నూట ఎనభై మందికి పైగా ఎక్కుతారు. మనిషికి ఏడు కిలోల సంచి, దానికి తోడు ల్యాప్‌టాప్ సంచి, పైగా పూతరేకుల డబ్బాలు. అన్ని చక్రాల పెట్టెలకూ పైన చోటు ఉండదని గేటు దగ్గరి సిబ్బందికి తెలుసు, అందుకని వరుసలో వెనకున్నవాళ్ల పెట్టెలకు చీటీలు కట్టి కిందకు పంపడం మొదలుపెట్టారు. నా వంతు వచ్చింది. బొమ్మ ఉందండీ, విరిగిపోతుందండీ అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగానే, "అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంది సార్" అంది.

బెంగళూరులో బెల్టు పక్కనే పెట్టె తెరిచాను. ఏనుగు బాగానే ఉంది. రాజు బాగానే ఉన్నాడు. గొడుగు మాత్రం సేవకుడి మణికట్టుతో సహా ఊడి చీర మడతలో పడి ఉంది. ఆ రోజు నాలుగు వందలు కట్టి ఉంటే అరలో నా రుమాలు ముందే పడేది. ఇంట్లో అమ్మ చింతగింజలు వేయించి, పొడి కొట్టి, అతికించింది. దగ్గరగా చూస్తే మణికట్టు దగ్గర గోధుమ రంగు గీత కనిపిస్తుంది.

కాబట్టి నా లెక్క ఇది. విమానం నిండుగా ఉండి, చేతిలో విరిగే వస్తువు ఉండి, ఏరోబ్రిడ్జి నుంచి ఎక్కేటట్టయితే ఆ డబ్బు దండగ కాదు. చిక్కేమిటంటే, టికెట్టు కొనేటప్పుడు ఈ మూడింటిలో మనకు తెలిసేది వస్తువు సంగతి ఒక్కటే. బస్సా, బ్రిడ్జా అన్నది ఆ రోజు గేటు చూస్తేగాని తెలియదు. అందుకే ముందుగా కొనను. కొన్ని కంపెనీలు కౌంటరు దగ్గర కూడా అమ్ముతాయి, బొమ్మలుంటే అప్పుడు ఆలోచిస్తాను.

ఐర్లండ్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురు ఈ మాట ఒప్పుకోదు. ఆమె తిరిగే రయనెయిర్ అనే విమాన సంస్థలో 2018 నవంబరు నుంచి, ప్రయారిటీ కొనకపోతే సీటు కింద పట్టే చిన్న సంచి ఒక్కటే ఉచితం. పది కిలోల పెట్టె వెంట విమానంలోకి రావాలంటే అది కొనాల్సిందే. అక్కడ అది వరుసకు కట్టే డబ్బు కాదు, సామాను రుసుము. ఏడు కిలోలు ఊరికే మోసుకెళ్లే మనకు ఆ లెక్క వర్తించదు.

ఇక పెట్టె ముందు రావడం. విజయవాడలో మా పెట్టె ఐదోదో ఆరోదో వచ్చింది, మిగిలినవన్నీ ఇంకో పది నిమిషాల్లో వచ్చేశాయి. ఆఖరి పెట్టె కూడా అరగంటలోపు బెల్టు మీదకు రావాలని పౌర విమానయాన భద్రతా విభాగం 2024 ఫిబ్రవరిలో విమాన సంస్థలను ఆదేశించింది. బెంగళూరులో పది నిమిషాలు మిగుల్చుకుని ఏం చేస్తాము? ఎలక్ట్రానిక్ సిటీ వెళ్లే విమానాశ్రయం బస్సు వాయువజ్ర బయలుదేరేదాకా అందులో కూర్చుని, తర్వాత హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఆ పది నిమిషాలకు వడ్డీతో సహా కట్టేస్తాము.

నిజంగా సమయం మిగిల్చింది పైసా ఖర్చు లేని డిజియాత్ర. 2022 డిసెంబరు 1న మొదట ప్రారంభించిన మూడు విమానాశ్రయాల్లో బెంగళూరు ఒకటి. ముఖం చూపించి లోపలికి వెళ్లిపోవడమే. పిల్లలున్నవాళ్లు పక్కపక్క సీట్ల కోసం డబ్బు పోసే ముందు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, ఒకే బుకింగ్‌లో ఉన్న తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో చెప్పింది.

అమ్మ మోకాళ్లకు నేను మొదటే చేయాల్సిన పని చక్రాల కుర్చీ అడగడం. "అందులో కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు" అని నెలల తరబడి ససేమిరా అంది. నడవగలిగినవాళ్లు కూడా వరుస తప్పించుకోవడానికి ఆ కుర్చీ అడుగుతున్నారన్నది నిజమే, అందుకే అమ్మ బిడియం నాకు అర్థమైంది. చివరికి మొన్న దసరాకు వెళ్లేటప్పుడు ఒప్పుకుంది. కుర్చీ తోసిన అబ్బాయిది చిక్కబళ్లాపుర దగ్గర పల్లె. ఆ వైపు చాలా ఇళ్లలో తెలుగే. భద్రతా తనిఖీ దాటేలోపు వాళ్ల ఊరిలో వేరుశనగ ధర దగ్గర నుంచి వాళ్ల అమ్మ మోకాళ్ల దాకా అన్నీ మాట్లాడేసుకున్నారు.

ఆ రోజు కూడా బస్సు గేటే. అయితే మమ్మల్ని బస్సు ఎక్కించలేదు. గదిలాంటి బండి ఒకటి వచ్చింది, కుర్చీతో సహా అమ్మను లోపలికి తీసుకుని, విమానం తలుపు ఎత్తుకు లేచి నిలబడింది. వెంట ఉన్నవాడిగా నేనూ. విమానంలో మా తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. సంచిని మా వరుస పైనే పెట్టుకున్నాను, అమ్మ చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. కిటికీలోంచి చూస్తే బస్సు వచ్చి ఆగింది. జనం దిగి మెట్ల వైపు పరుగెత్తారు, వాళ్లందరి వెనక, బోర్డింగ్ పాసు చేతిలో పట్టుకుని, ముగ్గురు నెమ్మదిగా దిగారు.

అమ్మ కాసేపు చూసి, "వాళ్లు డబ్బు కట్టి ఉంటారు, పాపం" అంది.