మహారాణిపేటలో థీసిస్ స్టాటిస్టిక్స్ చూసే ఆఫీసు – నాలుగు స్టార్లు

ఎక్సెల్ షీటు ఇస్తే సాయంత్రానికల్లా పి వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) చేతిలో పెట్టే షాపులు వైజాగ్‌లో మెడికల్ పీజీలందరికీ తెలుసు. ఇక్కడ ఆ పప్పులుడకవు. సార్ ల్యాప్‌టాప్ తెరవకముందే ప్రశ్నలు మొదలుపెడతారు, కొంచెం చిరాకొస్తుంది కూడా.

నా స్టడీలో విడిగా కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చడానికి కొత్త మందు ఇవ్వని పేషెంట్లు, లేదు. కొత్త మందు వాడినవాళ్లను పాత కేస్ షీట్లలో ఉన్నవాళ్లతో పోల్చాలి, అదే హిస్టారికల్ కంట్రోల్. ముందు వెళ్లిన ఇంకో చోట పాత రికవరీ శాతాన్ని శిలాశాసనంలా తీసుకుని, కొత్తవాళ్ల శాతాన్ని ఆ ఒక్క అంకెతో పోల్చే వన్ శాంపుల్ టెస్ట్ కొట్టేసి "సిగ్నిఫికెంట్ మేడమ్" అని పంపించేశారు.

ఈయన అడిగిన మొదటి మాట, "ఈ శాతం ఎంతమందిలో చూసిందమ్మా?"

తర్వాత తెల్లకాగితం మీద ఒక ఉదాహరణ వేశారు. పాతవాళ్లు 50 మందిలో 20 మందికి తగ్గింది, అంటే 40 శాతం. కొత్తవాళ్లు 40 మందిలో 23 మందికి, 57.5 శాతం. ఆ 40 శాతాన్ని ఖాయమైన అంకె అనుకుంటే పి వాల్యూ 0.02 దగ్గర వస్తుంది, మామూలుగా 0.05 కన్నా తక్కువైతే సిగ్నిఫికెంట్ అంటారు. కానీ అదీ 50 మందిని చూసి చెప్పిందే కదా, అసలు శాతం దాదాపు 27 నుంచి 54 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ ఊగిసలాటను కూడా లెక్కలోకి తెచ్చి రెండు గ్రూపుల టెస్ట్ చేస్తే పి 0.10. డేటా మారలేదు, ఫలితం గల్లంతు!

పోనీ టెస్ట్ మారిస్తే అయిపోయిందా అంటే అదీ లేదు. పాతవాళ్లను ఏ రూల్స్‌తో చేర్చుకున్నారు, రికవరీ ఎలా కొలిచారు, మిగతా ట్రీట్‌మెంట్ అప్పుడూ ఇప్పుడూ ఒకటేనా అని కూర్చోబెట్టి అడిగారు. పోకాక్ అనే స్టాటిస్టీషియన్ 1976లోనే ఇలాంటి షరతులు రాశాడట. 1982లో శాక్స్, చామర్స్, స్మిత్ అనే పరిశోధకులు ఆరు చికిత్సల మీద జరిగిన ట్రయల్స్ పోల్చి చూస్తే, హిస్టారికల్ కంట్రోల్ వాడిన 56లో 44 కొత్త చికిత్సే మేలన్నాయి, రాండమైజ్ చేసిన (ఎవరికి ఏ చికిత్సో లాటరీలా తేల్చిన) 50లో అలా అన్నవి 10 మాత్రమే. అది విన్నాక నాకు టెన్షన్ మొదలైంది.

పాత డేటాకి వెయిట్ (లెక్కలో దానికిచ్చే ప్రాధాన్యం) తగ్గించే పవర్ ప్రయర్ అనే పద్ధతిలోనూ చేసి, వెయిట్ మారుస్తూ వచ్చిన ఫలితాలన్నీ ఒకే టేబుల్‌లో ఇచ్చారు. మా గైడ్ గారు ఆ టేబుల్ మాత్రమే చదివారు, అది వేరే సంగతి.

స్టార్ ఎందుకు కోశానంటే ఫోన్ ఎత్తరు, ఫీజు ఎక్కువ, రిపోర్టులో గ్రాఫులు చూడటానికి అస్సలు బాగోవు. థీసిస్‌లో డిస్కషన్ భాగం రాసిపెట్టమంటే ససేమిరా అంటారు. సబ్మిషన్‌కి వారం ముందు వెళ్తే తీసుకోరు, అసలు డేటా కలెక్షన్ మొదలుపెట్టకముందే ఒకసారి కలవండి.