ఏడేళ్ళు మోసిన బూట్ల కేసు: రైలుకి భేష్, అటకకి వద్దు

"బూట్లకి కూడా సంచీ ఏంట్రా? రేపు చెప్పులకి దుప్పటి కూడా కప్పుతావా?" 2017 డిసెంబరులో నేను పార్శిల్ విప్పుతుంటే మా అమ్మ అన్న మాట ఇది. 1,190 రూపాయలు పెట్టి ట్రెక్కింగ్ బూట్లకి ఒక కేసు కొన్నాను. బూట్ల ధరలో అది పావు వంతు. అమ్మ మాటలో సగం న్యాయం ఉందని ఒప్పుకోడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మిగతా సగం మీద ఇప్పటికీ ఒప్పుకోను.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. 2012లో కొన్న నా మొదటి బూట్లని అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేశాను. మొత్తం మీద ఐదారు సార్లు వేసుకుని ఉంటాను. 2016లో బొర్రా దగ్గర కటికి జలపాతానికి నడుస్తుంటే కుడికాలి సోల్ అరటితొక్కలా ఊడి వేలాడింది. మధ్య పొర పిండిపిండిగా రాలిపోతోంది. తువ్వాలు చింపి కట్టుకుని, కుంటుతూ వెనక్కి వచ్చాను. అప్పుడు నాకు తోచిన కారణాలు దుమ్ము, ఎలుకలు, అట్టపెట్టె. కొత్త బూట్లు కొన్నాక వాటిని గట్టిగా మూసే కేసులో పెడితే చాలనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చెబుతాను.

కేసు చూడటానికి బాగానే ఉంటుంది. పైన మందపాటి పాలిస్టర్ గుడ్డ, మధ్యలో సన్నటి స్పాంజి, లోపల నల్లటి వాటర్‌ప్రూఫ్ పూత. మూడు వైపులా తిరిగే జిప్పు, దానికి రెండు రన్నర్లు. రెండు బూట్లు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో వెల్క్రోతో అతికే అడ్డు. గాలి ఆడటానికట, పక్కన నాలుగు ఐలెట్లు, అంటే లోహపు చుట్టు బిగించిన చిన్న కన్నాలు. వాటిలోంచి అగ్గిపుల్ల కూడా కష్టంగా దూరుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు, పైగా ఇదే తీరులో కుట్టిన కేసులు బోలెడు కంపెనీలవి ఉన్నాయి.

కొలత: లోపల 34 సెంటీమీటర్ల పొడవు, 23 వెడల్పు, 18 ఎత్తు. నా తొమ్మిదో నంబరు బూట్లు ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పి పెడితే సరిగ్గా పడతాయి. మా తమ్ముడివి పదకొండో నంబరు, చీలమండ పైదాకా వచ్చేవి. ఎంత తంటాలు పడ్డా జిప్పు పడలేదు. కేసు మీద రాసే నంబర్లు చూసి కొనకండి. బూటు అడుగు బయటి పొడవు, మడమ నుంచి పై అంచుదాకా ఎత్తు టేపుతో కొలిచి, దానికి రెండు సెంటీమీటర్లు కలిపి చూసుకోండి.

ఇక మోయడం సంగతి. ఇందులో మాత్రం పైసా వసూల్.

2018 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని మంచుకొండ కేదార్‌కంఠకి ట్రెక్కింగ్ వెళ్ళాం. విశాఖ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన సాంక్రీ దాకా రోజంతా కొండదారి. పోయేటప్పుడు కేసు లోయర్ బెర్త్ కింద పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన భోజనాల వేళ దాకా దాన్నే చూసి, "క్యారేజీ భలే పెద్దది తెచ్చుకున్నావు బాబూ, ఇంట్లో చేసిందేనా?" అన్నారు. విప్పి చూపిస్తే ఆయన నవ్వు ఆగలేదు. తిరుగు ప్రయాణంలో ఆ నవ్వు గుర్తొచ్చింది. వారం రోజుల మంచు, చెమట, గాడిదల దారి బురద పట్టించుకున్న బూట్లు మూసి ఉన్న ఏసీ బోగీలో ఒకటిన్నర రోజు. కేసు లేకపోతే టీటీఈ వచ్చేలోగా తోటి ప్రయాణికులే నన్ను దింపేసేవారు. కేసు మూసి ఉన్నంతసేపూ బయటికి వాసన రాలేదు. ఇంటికొచ్చి జిప్పు తీసిన క్షణం గురించి మాత్రం అడక్కండి.

ఆ కొండదారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర టెంటులో ఇంకో ఉపయోగం కనిపెట్టాను. మాతో వచ్చిన ఇద్దరు తడి బూట్లని టెంటు గుమ్మం దగ్గర వదిలేశారు. పొద్దున చూస్తే లేసులు ఇనపతీగల్లా బిగుసుకుపోయి, ముడి విప్పడానికి నోటితో ఊదుకుంటూ కూర్చున్నారు. నేను బూట్లు కేసులో పెట్టి, దాన్ని స్లీపింగ్ బ్యాగ్ దగ్గర కాళ్ళవైపు ఉంచాను. తడి తడిగానే ఉంది, కానీ గడ్డకట్టలేదు. కేసు అడుగున బురద పడితే అది కేసులోనే ఉండిపోయింది, పక్కబట్టలకి అంటలేదు.

విమానంలో అయితే లెక్క వేరు. మన దేశంలో మామూలు టికెట్టు మీద చెక్-ఇన్ లగేజీ సాధారణంగా 15 కిలోలు. బూట్ల జత, కేసు కలిపితే నావి కిలోన్నర దాటాయి. అంచేత బూట్లు కాళ్ళకి తొడుక్కుని, ఖాళీ కేసులో మేజోళ్ళు, ఛార్జర్లు కుక్కి తీసుకెళ్తాను. సెక్యూరిటీ దగ్గర బూట్లు విప్పమంటారు, అదొక్కటే గోల.

2019లో మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు దీని విలువ బాగా తెలిసింది. ఆస్ట్రేలియాలో దిగే ముందు నింపే కార్డులో, మట్టి అంటిన బూట్లూ ఆటసామాన్లూ ఉన్నాయా అని అడుగుతారు. పరాయి మట్టితో వచ్చే తెగుళ్ళంటే వాళ్ళకి భయం. "ఉన్నాయని రాసెయ్‌రా, దాచావో జరిమానా వేస్తారు" అని అక్క ముందే ఫోనులో హెచ్చరించింది. రాశాను. ఆఫీసరమ్మ "బూట్లు ఎక్కడ?" అంది. మిగతావాళ్ళు సూట్‌కేసులు బోర్లించి బట్టల మధ్య వెతుక్కుంటుంటే నేను కేసు తీసి జిప్పు లాగాను. ఆమె బూట్లు తిరగేసి, సోల్ గాడుల్లో టార్చి వేసి చూసి, వెళ్ళమంది. బయల్దేరే ముందు రోజు రాత్రి పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమిన శ్రమ రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఇంతవరకూ నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చేవాడిని. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది.

2020 మార్చి మొదట్లో అరకు వెళ్ళొచ్చి, బూట్లు తుడిచి, ఆరాయనుకుని కేసులో పెట్టి, జిప్పు పూర్తిగా మూసి అటక ఎక్కించాను. మళ్ళీ దించింది నవంబరులో. జిప్పు రన్నర్ కదల్లేదు. కొవ్వొత్తి రుద్ది, కటింగ్ ప్లేయరుతో పట్టి లాగితే అరంగుళం చొప్పున వచ్చింది. లోపల తోలు మీద బూడిద గుమ్మడికాయ మీద ఉన్నట్టు తెల్లటి పొర. అక్కడక్కడ పచ్చగా చుక్కలు. అంతకంటే ఆశ్చర్యం కేసుది. లోపలి నల్లటి పూత జిగురుజిగురుగా కరిగి, పాము కుబుసంలా పొరలుగా లేచి, బూటు ముక్కుకి, లేసులకి అతుక్కుపోయింది. చెయ్యి పెడితే వేళ్ళకి సాగింది.

అప్పుడు కూర్చుని చదివితే విషయం తెలిసింది. నా మొదటి బూట్లలో పిండైన మధ్య పొర పాలీయురేథేన్ అనే నురగ. గాలిలోని తేమ మెల్లమెల్లగా దాని లోపలి బంధాలని తెంచేస్తుంది. బూటు వాడకుండా దాచినా అది ఆగదు. తొడిగి నడుస్తున్న బూటే ఎక్కువకాలం ఉంటుందని బూట్లు చేసేవాళ్ళే చెబుతారు. కేసు లోపలి వాటర్‌ప్రూఫ్ పూత కూడా ఆ జాతిదే. బూటుకొచ్చిన రోగమే సంచీకీ వచ్చిందన్నమాట. ఎలుకలనీ దుమ్మునీ అనవసరంగా తిట్టుకున్నాను. ఇక తోలు మీద బూజు అంటారా, గాలిలో తేమ 70 శాతం దాటితే దానికి పండగ. మా విశాఖలో ఏడాదిలో చాలా నెలలు అంతకు పైనే ఉంటుంది. ఆరిందనుకున్న బూటు లోపల, ఇన్‌సోల్ కింద, ఎంతో కొంత చెమ్మ ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్ళు లోపలికి రానివ్వదనే అనుకుంటాం. లోపలి చెమ్మని బయటికి పోనివ్వకపోవడం కూడా వాటర్‌ప్రూఫే.

బూట్లు బతికాయి. మాస్కు పెట్టుకుని (ఆ ఏడాది వాటికి కొదవేముంది) డాబా మీద పొడి బ్రష్‌తో బూజు దులిపాను. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డతో తుడిచి, నీడలో మూడు రోజులు ఆరబెట్టి, తోలుకి క్రీము పట్టించాను. ఎండలో పెట్టలేదు. మండుటెండకి సోల్ అంటించిన గమ్ము వదులవుతుంది.

కేసుని పారేద్దామనుకుని, చివరిసారిగా విశాఖలోనే డాబా గార్డెన్స్ వైపు రెగ్జిన్ పని చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"దీన్ని బాగు చెయ్యొచ్చా బాబాయ్?"

ఆయన లోపల వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించాడు. "పైగుడ్డ రాయిలా ఉంది బాబూ. లోపలిది పీకేద్దాం. మనది సముద్రపు గాలి, ఊపిరాడకపోతే దేనికైనా బూజే."

పూతంతా గీకేసి, రెండు పక్కలా అరచేయంత కిటికీలు కోసి, వాటికి దోమతెర గుడ్డ వేసి కుట్టాడు. లోపల కాటన్ లైనింగ్. పాత రన్నర్లు తీసి కొత్తవి వేశాడు. ఐలెట్లు తుప్పు పట్టాయని అవీ పీకేశాడు. అంతా కలిపి 280 రూపాయలు. నిజం చెప్పాలంటే కంపెనీ కుట్టినదానికంటే ఇప్పుడే ఈ కేసు బాగుంది. కాస్త వాసన బయటికొస్తుంది, అంతే.

మధ్యలో చేసిన ప్రయోగాలు కూడా చెప్పేస్తాను. అమ్మ సలహా మీద కలరా ఉండలు వేశాను. అవి పురుగులకి పనికొస్తాయేమో గానీ చెమ్మకి కాదు. ఆ వాసన తోలుకి పట్టేసి, తర్వాతి ట్రెక్ అంతా పాత బీరువాలో నడుస్తున్నట్టుంది. సిలికా జెల్ కొన్నాను, చెమ్మ పట్టగానే నీలం నుంచి గులాబీకి మారే రకం. దోమతెర కిటికీల కేసులో అది పది రోజులకే గులాబీ అయిపోయింది. అవదు మరి, కేసులో చెమ్మతోపాటు గదిలో గాలంతా దానిదే కదా. గట్టిగా మూత పడే డబ్బాలో అయితేనే దానితో పని. దాన్ని మళ్ళీ వేడిచేసి వాడొచ్చని పెనం అడిగితే అమ్మ ఇవ్వలేదు. మంచిపనే చేసింది. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వస్తుంది, వంటపాత్రల దగ్గరికి రానివ్వకూడని సరుకు.

అన్నిటికంటే బాగా పనిచేసింది పాత న్యూస్‌పేపరు. ఉండ చుట్టి బూటు ముక్కుదాకా దూర్చి, మొదటి రోజు రెండుసార్లు మార్చాలి. ఆదివారం అనుబంధం పనికిరాదు. ఆ నున్నటి కాగితం తడి పీల్చదు.

ముందు తలుపు ఉన్న ప్లాస్టిక్ బాక్సులు 2021లో ఒక జత కొన్నాను. అద్దాల షోకేసులా ముచ్చటగా ఉంటాయి. జులై వచ్చేసరికి లోపల మగ్గిన వాసన. బూట్లు తీసేశాను. తెరవని రెండోదాన్ని అమ్మ ఉన్ని స్వెట్టర్లకి తీసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో బూట్లు ఉండేది పాత దిండు గలీబులో, గాలి తగిలే చెక్క అరలో, నేలకి ఎత్తుగా. పదిహేను రోజులకోసారి వాటిని తొడుక్కుని కైలాసగిరి మెట్లెక్కుతాను. కేసు ప్రయాణం ముందు రోజు రాత్రి దిగుతుంది, తిరిగొచ్చిన రోజే ఖాళీ అవుతుంది.

కొత్తగా కొనేవాళ్ళు దుకాణంలో కేసు లోపలివైపు చూడండి. రబ్బరులా మెరుస్తుంటే పక్కన పెట్టేయండి. పక్కలు జాలీగా ఉండాలి, చుక్కల్లాంటి కన్నాలు లెక్కలోకి రావు. సముద్రం దగ్గర ఉండేవాళ్ళకి జిప్పు రన్నరే ముందు పోతుంది కాబట్టి రెండు రన్నర్లు ఉన్నది తీసుకోండి, ఒకటి పోయినా ట్రెక్ మధ్యలో రెండోది ఆదుకుంటుంది. స్పాంజి మందం గురించి బెంగ అక్కర్లేదు, బూటేమీ గాజుగ్లాసు కాదు. హైదరాబాదులో ఉండే స్నేహితుడొకడు పూత ఉన్న కేసే వాడుతున్నాడు, అతనిది ఇంకా జిగురెక్కలేదు. అక్కడి గాలి వేరు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్ళు మాత్రం అతని మాట వినకండి.

నా కేసుకి ఇప్పుడు పిడి ఒక పక్క కుట్టు ఊడుతోంది. రక్‌సాక్‌కి హుక్కుతో తగిలించి ఊపుకుంటూ నడవడం వల్ల వచ్చిందది, తప్పు నాదే. శనివారం మళ్ళీ ఆ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాలి.