పాత కారు బ్లోయర్ మోటార్: నాలుగు చలికాలాలు వాడాక

మాది 2007 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్. విశాఖలో ఉండే మాకు హీటరు ఎందుకులే అనుకునేవాణ్ణి. 2021 డిసెంబరులో అరకు వెళ్తుండగా అనంతగిరి ఘాట్‌లో కారులోకి గాలి తోసే బ్లోయర్ ఆగిపోయింది. బయట పొగమంచు, కారులో నలుగురం. రెండు నిమిషాల్లో ముందు అద్దం లోపలివైపు ఆవిరి కమ్మేసింది. కిటికీలు దించి, గుడ్డతో తుడుచుకుంటూ నడిపాను. పిల్లలు వెనక ఉన్నారు, చాలా టెన్షన్ పడ్డాను. ఏసీ గాలినైనా, హీటర్ గాలినైనా తోసేది ఈ ఒక్క మోటారే అని ఆ రోజే బాగా తెలిసింది.

అంతకు ముందే ఒక సూచన వచ్చింది. ఒకటి, రెండు, మూడు స్పీడుల్లో గాలి రాక, నాలుగులో మాత్రమే వచ్చేది. ఇది రెసిస్టర్ (తక్కువ స్పీడుల్లో మోటారుకి వెళ్లే కరెంటుని తగ్గించే భాగం) పోయిన లక్షణం. నాలుగో స్పీడులో కరెంటు రెసిస్టర్‌ని దాటి నేరుగా మోటారుకి వెళ్తుంది కాబట్టి అదొక్కటే పనిచేస్తుంది. ఒక షాపులో రెసిస్టర్ మార్చారు. అది ఎందుకు కాలిందో ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. సరిగ్గా పదకొండో రోజు ఘాట్‌లో అన్ని స్పీడులూ పోయాయి.

అక్కడే మా బావమరిది గ్లోవ్ బాక్సు కింద చేత్తో గట్టిగా తట్టాడు. మోటారు కాసేపు తిరిగి మళ్లీ ఆగింది. తడితే తిరుగుతోందంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అయినా తట్టినప్పుడు వైర్లను మోటారుకి కలిపే కనెక్టర్ వదులుగా ఉంటే అది కూడా కదిలి కలవొచ్చు. అందుకే ఇంటికొచ్చాక వోల్టేజీ కొలిచే మీటరు తీశాను.

ముందు ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. గ్లోవ్ బాక్సు విప్పితే మోటారు కనిపించింది. ఇక్కడ చాలామంది కనెక్టర్ ఊడదీసి వోల్టేజీ చూస్తారు. అలా చూడకూడదు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి తుప్పు పట్టిన కనెక్షన్‌లో కూడా 12 వోల్టులు చూపిస్తుంది. కనెక్టర్ తగిలించే ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ నాలుగులో పెట్టి, వెనకవైపు నుంచి రెండు వైర్ల మధ్య చూడాలి. నాకు 11.8 వచ్చింది. కరెంటూ అందుతోంది, ఎర్తూ బాగుంది, మోటారు మాత్రం తిరగడం లేదు. ఇక అనుమానం అక్కర్లేదు.

బయటికి తీసి ఫ్యాను వేలితో తిప్పితే బిగుసుకుపోయి ఉంది. రెక్కల నిండా దుమ్ము, వేపాకులు. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడింది. బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికే మొదటి రెసిస్టర్ కాలింది. మోటారును వదిలేసి రెసిస్టర్ ఒక్కటే మార్చడం వృథా ఖర్చని అప్పుడు అర్థమైంది.

ఒరిజినల్ మోటారు 4,200 రూపాయలు చెప్పారు. నేను 1,900కి ఫ్యానుతో కలిపి దొరికేది తీసుకున్నాను. కనెక్టర్ కూడా కొత్తది వేయించాను, ఆ విషయంలో రాజీ పడలేదు. బిగించడానికి మూడు స్క్రూలు, అరగంట పని.

ఇప్పటికి నాలుగు చలికాలాలు, నాలుగు ఎండాకాలాలు గడిచాయి. గాలి వేగం పాతదానికి ఏమీ తక్కువ కాదు. నాలుగో స్పీడులో మాత్రం మొదటి రోజు నుంచీ కాస్త ఎక్కువ చప్పుడు, పెద్దవాళ్లు వెనక సీట్లో మాట్లాడుకుంటుంటే మూడుకి తగ్గిస్తాను. మూడో ఏడాది టకటక శబ్దం వస్తే మోటారు పోయిందని భయపడ్డాను. తీసి చూస్తే ఫ్యానులో ఎండుటాకు. మా కారుకి లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లేదు, పార్క్ చేసేది వేపచెట్టు కింద. అప్పటినుంచి వానాకాలానికి ముందు వైపర్ల కింద గాలి లోపలికి వెళ్లే జాలీలో చేరిన ఆకులన్నీ ఏరేస్తున్నాను.

మోటారుతో పాటు రెసిస్టర్ కూడా ఇంతవరకు మళ్లీ కాలలేదు. మొన్న డిసెంబరులో అదే ఘాట్‌లో, అదే మంచులో వెళ్లాం. ఏసీ, హీటరు కలిపి వేసి గాలిని అద్దం మీదకి తిప్పితే నిమిషంలో దారి కనిపించింది.