సీసీఎంబీ ఓపెన్ డే: పిల్లలతో తప్పకుండా వెళ్లండి

దేశంలోని ఎన్నో ప్రభుత్వ పరిశోధన సంస్థలను నడిపే సీఎస్ఐఆర్ మొదలైంది 1942 సెప్టెంబరు 26న, ఆ సందర్భంగా దాని కిందే ఉన్న, జీవకణాల మీద పరిశోధన చేసే హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ గేట్లు మామూలు జనానికి తెరుస్తారు, మా పాపను తీసుకుని వెళ్లాను. దగ్గరుండి చెప్పేదంతా పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాళ్లే. మైక్రోస్కోపు కింద పండ్ల ఈగ కన్ను చూపిస్తున్న అమ్మాయి, మా పాప అదే ప్రశ్న నాలుగోసారి అడిగినా విసుక్కోలేదు. ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరి రకాన్ని వీళ్లూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి తెచ్చారని అక్కడే తెలిసింది, మా నాన్న ఆ తెగులుకు ఎన్ని పంటలు పోగొట్టుకున్నాడో!

మా స్టైపెండ్ జనం కట్టే పన్నుల్లోంచే వస్తుంది, చెప్పాల్సిన బాధ్యత మాదే కదండీ అంది ఆ అమ్మాయి. కానీ ఎక్కడైనా ఉద్యోగానికి అచ్చయిన పరిశోధన పేపర్లే చూస్తారట, ఇలా జనంతో గడిపిన టైమ్ లెక్కలోకి రాదట. చాలా బాధేసింది. పొద్దున్నే వెళ్తే వాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు.