స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ సమీక్ష: ‘ఎత్తబడుట ఎప్పుడు’ అన్న వాదంలో దీన్ని ఎలా వాడాలి

మహాశ్రమలకు, అంటే అంత్యకాలపు కష్టాలకు ముందే సంఘం (విశ్వాసులంతా) ప్రభువు దగ్గరికి ఎత్తబడుతుందన్న బోధ తెలుగు సభల్లో ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, దానికీ ఒక ముద్రణ చరిత్ర ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. జాన్ నెల్సన్ డార్బీ 1830లలో ఇంగ్లండు, ఐర్లండు బ్రదరెన్ కూటాల్లో చెప్పిన క్రమాన్ని 1909లో సైరస్ ఇంగర్సన్ స్కోఫీల్డ్ కింగ్ జేమ్స్ బైబిల్ పేజీ అడుగుకి చేర్చారు. అచ్చువేసింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్. 1917లో సవరించిన కూర్పు వచ్చింది, 1967లో ఒక కమిటీ కూర్చుని తిరగరాసిన కూర్పు వచ్చింది. ఇప్పటికీ దుకాణాల్లో దొరికే ఈ బైబిల్‌ని కాలేజీ కుర్రాళ్ల నుంచి పాస్టర్ల దాకా కొంటూనే ఉన్నారు. శ్రమలకు ముందు అనే పక్షాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే చక్కటి పనిముట్టు లేదు. ఆ పక్షం సరైనదో కాదో తేల్చుకోవడానికి మాత్రం ఇది ఒక్కటే చాలదు.

ముందు పేజీ అమరిక చూద్దాం, ఎందుకంటే దీని బలమంతా అందులోనే ఉంది. వాక్యం రెండు వరుసల్లో, మధ్య సన్నటి వరుసలో రిఫరెన్సులు, అడుగున నోట్స్, వాక్యం నడుమ సంపాదకుడు పెట్టిన ఉపశీర్షికలు. మధ్య వరుసలో ఒక అంశం పేరు, దాని వెంట తర్వాత చూడాల్సిన వచనం, బ్రాకెట్లో ఆ గొలుసు మొదటి వచనం, చివరి వచనం ఉంటాయి. గొలుసు పట్టుకుని చివరి లింకు దాకా వెళితే అక్కడ సారాంశం నోటు దొరుకుతుంది. ‘మహాశ్రమ’ గొలుసు కీర్తన 2:5 దగ్గర మొదలై ప్రకటన 7:14 దగ్గర ముగుస్తుంది. రెండవ రాకడ గొలుసు ద్వితీయోపదేశకాండము 30:3 నుంచి అపొస్తలుల కార్యములు 1 దాకా నడుస్తుంది. వచనాలన్నీ వరుసగా విప్పి చదివితే అరపూట పడుతుంది. చాలామంది ఆ పని చేయకుండా చివరి నోటు చదివేసి పుస్తకం మూసేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ప్రకటన 7:14 దగ్గరి ఆ సారాంశాన్నే తీసుకోండి. మహాశ్రమ కాలం మూడున్నర సంవత్సరాలు, అంటే దానియేలు డెబ్బయ్యో వారంలో (ఈ ప్రవచనంలో వారం అంటే ఏడేళ్లు) రెండో సగం, అని స్కోఫీల్డ్ రాశారు. మన ప్రసంగాల్లో మాత్రం ‘ఏడేండ్ల మహాశ్రమలు’ అనే మాటే నలిగింది. తేడా చిన్నది కాదు. మహాశ్రమ రెండో సగం మాత్రమే అయితే, వారం మధ్యలో సంఘం ఎత్తబడుతుందనే శ్రమల మధ్య పక్షం కూడా ‘మహాశ్రమకు ముందే’ అని చెప్పుకోగలదు. కాబట్టి ఎవరితోనైనా వాదించే ముందు మొదట అడగాల్సిన ప్రశ్న: శ్రమలు అన్నప్పుడు 1260 దినాలా, దానికి రెండింతలా? ప్రకటనలోని 42 నెలలు, 1260 దినాలు, దానియేలులోని ‘ఒక కాలము, కాలములు, అర్ధకాలము’ మూడూ నెలకు 30 రోజుల లెక్కన ఒకే కొలతకి వస్తాయి. ఏడేండ్లు అన్న మొత్తం మాత్రం దానియేలు 9:27 లోని ‘ఒక వారము’ నుంచే వస్తుంది. ఆ ఒక్క వచనం జారితే అంత్యకాలాల పటంలో సగం జారుతుంది.

ఆ వచనం దగ్గర కాసేపు ఆగాలి. డెబ్బది వారాలంటే 490 ఏళ్లు. వాటిని 7, 62, 1 గా విడగొట్టి, అరవై తొమ్మిదికీ డెబ్బైకీ నడుమ సంఘకాలాన్ని పెట్టడం స్కోఫీల్డ్ పద్ధతి. ఆయన నోటులో సిలువ తేదీ కట్టలేదు, అరవై రెండు వారాల తర్వాత అన్నంతే చెప్పారు. వేదికల మీద వినిపించే ‘రోజుతో సహా సరిపోయింది’ అన్న లెక్క ఆయనది కాదు, ప్రవచనాల మీద రాసిన సర్ రాబర్ట్ ఆండర్సన్‌ది: యెరూషలేమును తిరిగి కట్టమన్న ఆజ్ఞ తేదీగా ఆయన పెట్టిన క్రీ.పూ. 445 మార్చి 14 నుంచి క్రీ.శ. 32 ఏప్రిల్ 6 దాకా 173,880 రోజులు. మీరే వేసి చూడండి. 69 వారాలు అంటే 483 ఏళ్లు. మామూలు ఏళ్లతో 445 నుంచి లెక్కిస్తే, సున్నా సంవత్సరం లేదు కాబట్టి, క్రీ.శ. 39 తేలుతుంది, సిలువ దాటిపోతుంది. అందుకే ఆండర్సన్ ఏడాదికి 360 రోజులు పెట్టారు. అప్పుడు 483ని 360తో గుణిస్తే 173,880, అంటే సుమారు 476 మామూలు ఏళ్లు, 32 దగ్గర ఆగుతుంది. పండితుల్లో ఎక్కువమంది సిలువని 30లోనో 33లోనో పెడతారు గనుక బైబిల్ పండితుడు హెరాల్డ్ హోనర్ తర్వాత ప్రారంభాన్ని 444కి జరిపి 33కి తెచ్చారు. మరికొందరు ఎజ్రా కాలపు 457 ఆజ్ఞతో మొదలెట్టి, 360 అవసరమే లేకుండా క్రీ.శ. 27కి వస్తారు, వాళ్లకి డెబ్బయ్యో వారం వెంటనే కొనసాగిపోతుంది, నడుమ ఖాళీ ఉండదు. 9:27 లో ‘అతడు’ అభిషిక్తుడా (క్రీస్తా), రాబోయే రాజా (క్రీస్తు విరోధా) అన్నది అసలు తగాదా. నోటు ఒక జవాబే చెబుతుంది, రెండోది ఉందని చెప్పదు.

ఇలా మూసేసిన తలుపులు ఈ పుస్తకంలో ఇంకొన్ని ఉన్నాయి. ప్రకటన 4:1 లో యోహానుకి వినిపించిన ‘ఇక్కడికి ఎక్కిరమ్ము’ అన్న పిలుపు 1 థెస్సలొనీకయులకు 4:14-17 నెరవేర్పుని స్పష్టంగా సూచిస్తున్నట్టుందని నోటు. ఆ తర్వాత అన్నీ నెరవేరే దాకా ‘సంఘము’ అన్న మాట ప్రకటనలో కనిపించదని దానికి ఊతం. మాట కనిపించదన్నది నిజమే, 3వ అధ్యాయం తర్వాత మళ్లీ 22:16 లోనే వస్తుంది. అయితే 13:7, 13:10, 14:12 లలో భూమి మీద పరిశుద్ధులు ఉన్నారు. వాళ్లు సంఘమా, సంఘం వెళ్లాక నమ్మినవాళ్లా అనేదే ప్రశ్న. దానికి మాట కనబడకపోవడం జవాబు కాదు, పరలోక దృశ్యాల్లో కూడా ఆ మాట కనబడదు మరి. పిలుపు ఒక్క యోహానుకే, ఏకవచనంలోనే ఉందన్న అభ్యంతరం కూడా బలమైనదే.

2 థెస్సలొనీకయులకు 2 దగ్గర పాపపురుషుణ్ణి (క్రీస్తు విరోధిని) బయలుపడకుండా అడ్డగించువాడు సంఘంలోని పరిశుద్ధాత్ముడే, ఇంకెవరూ కాలేరు అంటుంది నోటు. రోమా ప్రభుత్వం అనే పురాతన వ్యాఖ్యానం నుంచి మిఖాయేలు దూత అనే ఊహ దాకా నాలుగైదు జవాబులు సంఘ చరిత్రలో ఉన్నాయి. పౌలు ఆ అధ్యాయాన్ని ‘మనము ఆయనయొద్ద కూడుకొనుట’తో మొదలుపెట్టి, పాపపురుషుడు బయలుపడకపోతే ఆ దినం రాదని వెంటనే చెబుతాడు, శ్రమల తర్వాత పక్షానికి ఇదే కోట. ఆ దినం వేరు, కూడుకోవడం వేరు అని ముందు పక్షం జవాబు. రెండూ చదివి చూస్తే ఏ పక్షానిదీ తేలిక గెలుపు కాదని అర్థమవుతుంది.

ప్రకటన 3:10 దగ్గర తెలుగు పాఠకుడికి అదనపు చిక్కు ఒకటుంది. కింగ్ జేమ్స్‌లో ఫిలదెల్ఫియ సంఘాన్ని శోధన గడియ ‘నుండి’ కాపాడతానన్నట్టు ఉంటుంది. మన పాత తెలుగు బైబిల్లో ‘రాబోవు శోధన కాలములో నేనును నిన్ను కాపాడెదను’ అని ఉంది. ఒకటి బయటికి తీసినట్టు, మరొకటి లోపల ఉంచి కాపాడినట్టు. గ్రీకులో అదే క్రియ, అదే విభక్తి యోహాను 17:15 లో ‘దుష్టునినుండి వారిని కాపాడుమని’ అన్నచోట ఉన్నాయి. అక్కడ లోకంలోంచి తీసికొనిపొమ్మని అడగడం లేదని యేసే అంటాడు. ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టకుండా 3:10 మీద సిద్ధాంతం కట్టకూడదు.

మొదటి కూర్పులో బొత్తిగా నిలవని నోటు యెహెజ్కేలు 38:2 ది. మెషెకు, తుబాలు అంటే మాస్కో, తోబోల్స్క్ అనీ, ఉత్తరాది శక్తులకు రష్యా నాయకత్వం అన్నదానిపై అందరికీ ఏకాభిప్రాయమే అనీ రాశారు. ఆ అందరూ ఎవరో! ఆ పేర్లు ఈనాటి టర్కీ ప్రాంతంలోని ముష్కి, తబల్ ప్రజలవని చరిత్రకారుల మాట. ప్రతి యుద్ధ సమయంలోనూ మన యూట్యూబ్ ప్రసంగాలు ఈ ఒక్క నోటునే తిప్పితిప్పి వాడుతుంటాయి.

దానికి సరిగ్గా ఎదురుగా, తారీఖులు కట్టేవాళ్లకి పనికిరాని నోటు కూడా ఇందులోనే ఉంది. మత్తయి 24:34 లోని ‘ఈ తరము’ అంటే ఇశ్రాయేలు జాతి అని స్కోఫీల్డ్ అర్థం. ఆ జాతి నిలిచి ఉంటుందన్నదే వాగ్దానం. 1948 నుంచి ఒక తరం నలభై ఏళ్లు అని 1988 సెప్టెంబరుకి ఎత్తబడుట ఖాయం చేసిన ఎడ్గర్ విస్నంట్ లాంటివాళ్లకు స్కోఫీల్డ్ సాయం లేదు. శ్రమలకు ముందు పక్షం మీద వచ్చే నిందలన్నీ ఈ పుస్తకం నెత్తిన రుద్దకూడదు.

మరో సంగతి. 1909 కూర్పు సలహా సంపాదకుల్లో ఒకరైన విలియం ఎర్డ్‌మన్ శ్రమల తర్వాత రాకడని నమ్మినవాడు. తొలి పేజీలో ఆయన పేరు ఉంది, నోట్స్‌లో ఆయన అభిప్రాయం లేదు. పేర్ల వరుస చూసి వాళ్లందరూ ఒకే మాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు.

ఏ కూర్పు చేతిలో ఉందో తెలుసుకోవడం సులువే. ఆదికాండము 1 పేజీ తెరవండి. ఆర్చిబిషప్ అషర్ లెక్కగట్టిన సృష్టి తేదీ క్రీ.పూ. 4004 కనబడితే అది 1917 పాఠం. (అదే పేజీ అడుగున మొదటి సృష్టి తేదీలేని గతకాలానిది అన్న నోటు ఉంటుంది, రెండూ ఒకే పేజీలో సర్దుకుని కూర్చున్నాయి.) పాత ఆంగ్ల మాటలు కొన్ని మార్చి, అసలు మాటని పక్క వరుసలో చూపిస్తే అది 1967 కూర్పు. అందులో అషర్ తేదీలు లేవు, నోట్స్ కొంత మెత్తబడ్డాయి, దేవుడు మనుషులతో వ్యవహరించే తీరుని నిర్దోష యుగం నుంచి రాజ్యయుగం దాకా ఏడు యుగాలుగా విడగొట్టే చట్రం మాత్రం అలాగే ఉంది. పాత ప్రసంగాలు, కాలాల పటాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడాలంటే 1917 కొనండి. రోజూ చదువుకోవడానికి 1967 మేలు. 1917 నోట్స్ ఉచిత బైబిల్ సాఫ్ట్‌వేర్లలోనూ దొరుకుతాయి, కానీ ఫోన్లో నోటు విడిగా తెరుచుకుంటుంది, గొలుసు పట్టు దొరకదు.

వాడే పద్ధతి: ముందు నోట్స్ లేని తెలుగు బైబిల్లో 1 థెస్సలొనీకయులకు 4:13 నుంచి 5:11, 2 థెస్సలొనీకయులకు 2:1-12, మత్తయి 24:15-31, 1 కొరింథీయులకు 15:50-54 చదవండి. కాలం చెప్పే మాటలు మాత్రమే ఒక కాగితం మీద రాయండి: ‘ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే’, ‘కడబూర’, ఇలాంటివి. ఆ తర్వాతే స్కోఫీల్డ్ తెరిచి, ప్రతి నోటులోనూ వచనం చెప్పిందేదో, నోటు కలిపిందేదో విడదీయండి. ఎదుటి పక్షం తెలుసుకోవడానికి శ్రమల తర్వాత వైపు రాసిన జార్జ్ ఎల్డన్ లాడ్, రాబర్ట్ గండ్రీలని చదవండి. 1990లో మార్విన్ రోజెన్తాల్ ముందుకు తెచ్చిన ‘ఉగ్రతకు ముందు’ వాదం ప్రకటన గ్రంథంలోని ఆరో ముద్ర తర్వాత, ఏడో ముద్రకి ముందు ఎత్తబడుటని పెడుతుంది. వెయ్యేండ్ల పాలన అక్షరార్థం కాదనే పక్షానికి ఈ ప్రశ్నే వేరే రూపంలో ఉంటుంది, అది ఇంకో పుస్తకం పని.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇందులో దగ్గరి తాడు ఒకటుంది. బ్రదరెన్ మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురం వైపు బ్రదరెన్ పని మొదలుపెట్టారు, అంటే స్కోఫీల్డ్ పుస్తకం అచ్చుకి 73 ఏళ్ల ముందు. అయితే బ్రదరెన్ అంటే అందరూ డార్బీ మాటే అనుకోకూడదు. ప్లిమత్‌లో బ్రదరెన్ నాయకుడు బెంజమిన్ విల్స్ న్యూటన్ మొదటినుంచీ శ్రమలకు ముందు ఎత్తబడుటని ఒప్పుకోలేదు.

కొనేటప్పుడు చివరగా కాగితం చూసుకోండి. పల్చటి కాగితం మీద జెల్ పెన్ను గీస్తే వెనక పేజీ నోటులోకి దిగుతుంది. పెన్సిల్ గానీ పొడి రంగు హైలైటర్ గానీ వాడాలి. అట్ట బాండెడ్ లెదర్ అయితే వీపు దగ్గర కొన్నేళ్లకే పగులుతుంది, రోజూ తెరిచేవాళ్లు కుట్టు బైండింగ్ ఉందో లేదో అడిగి మరీ తీసుకోవాలి.